దేవదత్తుడి డ్రమ్ము

దేవదత్తుడు రెండువేల ఏళ్లకు పైగా అన్నం వండుతూనే ఉన్నాడు. సంస్కృత వ్యాకరణంలో ఏ క్రియకి ఉదాహరణ కావాలన్నా శాస్త్రకారులు పిలిచేది అతణ్ణే. ఊరికి వెళ్లేది అతడే, చాప అల్లేది అతడే, పొయ్యి మీద కుండ పెట్టేదీ అతడే. వయసూ ఇంటిపేరూ ఎవరికీ తెలియని ఈ మనిషిని కాసేపు చెన్నైలోని అంబత్తూరుకి రప్పిద్దాం. చేతికి ఒక పాత ఇనుప డ్రమ్ము, బస్తాడు బొగ్గులు, ఒక చిన్న ఫ్యాను, ఒక సర్క్యూటు బోర్డు ఇచ్చి, ఈసారి అన్నం కాదు, మేక తొడ వండమందాం. షరతు ఒక్కటే. సన్నటి సెగ మీద, 110 డిగ్రీల దగ్గర, రాత్రిపూట గంటల తరబడి వండాలి. ఆ రాత్రి అతడు హాయిగా నిద్రపోవాలి. తెల్లారేసరికి మాంసం ఎముక నుంచి ఊడివస్తుంది. అప్పుడు అడుగుదాం: వండింది ఎవరు?

పొద్దుపోక వేసే ప్రశ్న కాదిది. చేసేవాడెవడు అన్న విచారణ మీద మన దేశంలో వ్యాకరణం, న్యాయం, మీమాంస, వేదాంతం శతాబ్దాల తరబడి తలలు పగలగొట్టుకున్నాయి. తమాషా ఏమిటంటే, వ్యాకరణం పట్టుకొచ్చిన ఉదాహరణ వంటే. కాకపోతే ఆ పెద్దలెవరూ వంటవాడు గుర్రుపెడుతుంటే నిప్పుని కనిపెట్టుకుని ఉండే పరికరాన్ని చూడలేదు. చూసి ఉంటే వదిలిపెట్టేవాళ్లు కాదు.

అంబత్తూరుకే తీసుకురావడానికి కారణం ఉంది. 1949లో టీఐ సైకిల్స్ ఇక్కడ మొదలైంది. 1960ల్లో ప్రభుత్వం పారిశ్రామికవాడ ఏర్పాటు చేసింది. ఈ రోజు వెయ్యి ఎకరాలు దాటిన ఆ ఎస్టేటులో లేతు పని, ప్రెస్సు పని, ప్లేటింగు, హీట్ ట్రీట్‌మెంటు చేసే చిన్న చిన్న షెడ్లు బారులు తీరి ఉంటాయి. హీట్ ట్రీట్‌మెంటు షెడ్డులో పనిచేసే కుర్రాడికి వేడిని ఒక అంకె దగ్గర పట్టి ఉంచడం రోజువారీ పని. ఉక్కుని ఎనిమిది, తొమ్మిది వందల డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచి, మళ్లీ తక్కువ వేడి మీద పెట్టి దాని పెళుసుదనం తగ్గిస్తారు. కొలిమి గోడలోంచి ఒక థర్మోకపుల్ లోపలికి దిగి ఉంటుంది, పక్కన కంట్రోలరు మీద అంకెలు వెలుగుతుంటాయి. అంటే దేవదత్తుడికి సలహా చెప్పగలిగినవాళ్లు పక్క షెడ్డులోనే దొరుకుతారు. చిప్పులు, బోర్డులు కావాలంటే మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీటు ఉండనే ఉంది.

డ్రమ్ము రెండు వందల లీటర్లది. లోపలి రంగు, నూనె జిడ్డు పోయేదాకా ముందు ఒకసారి పెద్ద మంట పెట్టి కాల్చేయాలి. జింకు పూత రేకులు దీనికి పనికిరావు, బాగా వేడెక్కితే ఆ పూత నుంచి ఒంటికి పడని పొగ వస్తుంది. అడుగున బొగ్గుల బుట్ట, పైన కమ్మీల తట్ట, దానిమీద మాంసం. మూత బిగుతుగా పట్టాలి, దానికి సన్నటి పొగగొట్టం. డ్రమ్ము అడుగున ఒకే ఒక కన్నం, దానికి పన్నెండు వోల్టుల చిన్న బ్లోయరు. కిటుకంతా ఆ కన్నంలోనే ఉంది. బొగ్గు ఎంత కాలాలో తేల్చేది గాలి. కిలో కర్బనం పూర్తిగా కాలాలంటే సుమారు పదకొండున్నర కిలోల గాలి కావాలి, అంటే దాదాపు పది ఘనపు మీటర్లు. గాలిని కొసరి కొసరి వదిలితే సెగ కూడా కొసరి కొసరి వస్తుంది. కొలిమి తిత్తీ, ఊదుగొట్టమూ, కుంపటి ముందు విసనకర్రా చేసింది ఈ పనే. గాలి చాలని బొగ్గు కార్బన్ మోనాక్సైడుని వదులుతుంది కాబట్టి ఈ సంబరమంతా ఆరుబయటే జరగాలి. మూసిన గదిలో పెట్టుకుంటే వంట పూర్తయ్యేసరికి తినడానికి మనుషులు మిగలరు.

ఇంత తంటా దేనికంటే, తొడ కండ గట్టిది. దాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే నారపదార్థం డెబ్బై డిగ్రీలు దాటాక మెల్లగా, చాలా మెల్లగా కరిగి జిగురవుతుంది. లోపలి వేడి తొంభై చేరేదాకా ఓపిక పట్టాలి. మధ్యలో అరవై అయిదు, డెబ్బై దగ్గర అంకె గంటల తరబడి కదలకుండా మొండికేస్తుంది. మాంసం పైనుంచి నీరు ఆవిరవుతూ, వచ్చిన వేడినంతా తీసుకుపోతుంటుంది. కొత్తవాళ్లు కంగారుపడి బొగ్గులు ఎగదోసి చెడగొట్టేది ఆ ఘట్టంలోనే.

పల్లెటూళ్లలో దాలి మీద పాలు కాగిన రోజుల్లో ఈ విద్య అందరికీ తెలుసు. గుంటలో పిడకలు, పైన పాలకుండ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సన్న సెగ, మీగడ ఎర్రబడేదాకా. దాలికి థర్మోకపుల్ లేదు. నివురు ఎంత కప్పాలో చేతికి తెలుసు.

థర్మోకపుల్ అంటే రెండు వేరువేరు లోహపు తీగల ముడి. 1821లో సీబెక్ గమనించిన ప్రభావం వల్ల, ముడి వేడెక్కితే అతి చిన్న వోల్టేజి పుడుతుంది. కె రకం తీగల్లో అది డిగ్రీకి నలభై ఒక్క మైక్రోవోల్టులు. మ్యాక్స్6675 లాంటి చిప్పు దాన్ని పావు డిగ్రీ మెట్లలో అంకెగా మార్చి ఆర్డునో బోర్డుకి అందిస్తుంది. బోర్డులోని ప్రోగ్రాము చూసేవి మూడు సంగతులు. కావలసిన వేడికీ ఉన్న వేడికీ ఇప్పుడు తేడా ఎంత? ఇప్పటిదాకా ఆ తేడా ఎంత పోగుపడింది? అది ఎంత జోరుగా మారుతోంది? మూడింటినీ తగిన పాళ్లలో కలిపితే ఫ్యాను ఎంత తిరగాలో తేలుతుంది. ఈ లెక్క వంటింట్లో పుట్టింది కాదు. ఓడ చుక్కాని పట్టిన నావికుడి తీరుని గమనించి 1922లో నికొలాస్ మినోర్‌స్కీ దీన్ని గణితంగా రాశాడు. నిప్పుకి కాపలా పెట్టడం అంతకంటే మూడు వందల ఏళ్లు పాతది. 17వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులో పనిచేసిన డచ్చివాడు కొర్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగించడానికి ఒక కొలిమి చేశాడు. వేడికి ఆల్కహాలు వ్యాకోచించి పాదరసాన్ని నెట్టేది, పాదరసం ఒక కడ్డీని పైకెత్తేది, కడ్డీ గాలి దారిని మూసేది. చల్లబడితే మళ్లీ తెరుచుకునేది. తీగ లేదు, చిప్పు లేదు. డ్రమ్ము చేస్తున్న పని మాత్రం అదే.

బొగ్గు విషయంలో ఒక తెలుగు సంగతి చెప్పి తీరాలి. తమిళనాడులో విరివిగా దొరికే వంట బొగ్గు సర్కారు తుమ్మది. అక్కడ శీమై కరువేలం అంటారు. రామనాథపురం, శివగంగ, విరుదునగర్ జిల్లాల్లో దాన్ని నరికి, పేర్చి, మట్టి కప్పి కాలుస్తారు. దక్షిణాదిలో దాన్ని తొలిగా నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి, 1870ల చివర్లో. చెరువుల్నీ చేలనీ ఆక్రమించిందని రైతులు తిట్టిపోసే ఈ చెట్టుకి దగ్గరి బంధువు మెస్కీట్. టెక్సాస్‌వాళ్లు మాంసానికి పొగ పట్టించడానికి కోరి తెచ్చుకునే కట్టె అది.

ఎర్రగా రాజుకున్న బొగ్గు నుంచి పొగ దాదాపు రాదు. రుచినిచ్చే పొగ కావాలంటే బొగ్గుల మధ్య కట్టె ముక్కలు దూర్చాలి. ఆంధ్రదేశం వాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసినప్పుడు సరిగ్గా ఈ సంగతినే పాఠంలో పెట్టాడు. తర్కం మొదలుపెట్టే విద్యార్థి ఈనాటికీ ముందు పట్టేది ఆ చిన్న పుస్తకమే. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని ఊహించవచ్చు, వంటిల్లే దానికి సాక్ష్యం. తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండాలంటే మాత్రం చెల్లదు. కాలిన ఇనుపముద్దలో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకి తడి కట్టె తోడైతేనే పొగ. ఆ తోడుని నైయాయికులు ఉపాధి అన్నారు. అంబత్తూరు షెడ్డులో కొలిమిలోంచి ఎర్రగా బయటికొచ్చే గేరు అన్నంభట్టు ఇనుపముద్దే. డ్రమ్ములో దేవదత్తుడు దూర్చే ముక్క అన్నంభట్టు ఉపాధే. ఒక్క సవరణ: పొగ వంట బాగా తెలిసినవాళ్లు తడి కట్టె వద్దంటారు, చేదెక్కుతుందని. తర్కానికి పచ్చి కట్టె, నాలుకకి ఎండు కట్టె.

ఇంతకీ డ్రమ్ము కంట్రోలరు, అంటే ఆ బోర్డు, ఊహిస్తుందా? అన్నంభట్టు ప్రకారం ఊహించాలంటే పొగని చూడాలి, పొగకీ నిప్పుకీ ఉన్న విడదీయరాని సంబంధం గుర్తుకు రావాలి, ఈ పొగ ఆ సంబంధం ఉన్న పొగే అని పోల్చుకోవాలి. ఇవన్నీ జరిగేది ఆత్మలో. కంట్రోలరుకి పొగా తెలియదు, బొగ్గూ తెలియదు. ఒక చోట ఒక ముడి ఎంత వేడిగా ఉందో అంతే. మాంసానికి నూనె రాద్దామని దేవదత్తుడు మూత ఎత్తాడనుకోండి. చల్లగాలి తగిలి అంకె గబగబా పడిపోతుంది. నిప్పు ఆరిపోతోందన్న లెక్కన కంట్రోలరు ఫ్యానుని పూర్తి జోరుతో తిప్పుతుంది. పైనుంచి గాలి, కిందనుంచి గాలి. మూత వేసేసరికి బొగ్గులన్నీ భగ్గుమంటాయి. హీటర్‌మీటర్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోలరులో దీనికి విరుగుడు పెట్టారు. అంకె ఉన్నట్టుండి పడితే, మూత తీశారని లెక్కవేసి కాసేపు ఫ్యాను ఆపేస్తుంది.

మూత తీస్తే నిప్పు ఆరిపోతోందనుకున్న ఆ మొదటి లెక్కని భ్రమ అనొచ్చా? కృత్రిమ మేధకి ఆద్యుల్లో ఒకడైన జాన్ మెకార్తీ అనొచ్చనే అన్నాడు. 1979లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం థర్మోస్టాటుకి కూడా నమ్మకాలుంటాయి: వేడి ఎక్కువైందని, తక్కువైందని, సరిగ్గా ఉందని. తత్వవేత్త జాన్ సెర్ల్ దీన్ని ఎద్దేవా చేశాడు. 1996లో మరో తత్వవేత్త డేవిడ్ చామర్స్ ఇంకో అడుగు వేసి, థర్మోస్టాటుగా ఉండటం లోపలినుంచి ఎలా ఉంటుందో అని ఏకంగా ప్రశ్న వేశాడు. ఇక్కడ నైయాయికుల పట్టుదలే సబబుగా తోస్తుంది. తాడుని పామనుకున్నవాడు దీపం వెలిగాక తాను పొరబడ్డానని ఎరుగుతాడు. కంట్రోలరుకి ఆ ఎరుక రాలేదు. వచ్చింది ప్రోగ్రాము రాసినవాళ్లకి. దిద్దుకున్నది వాళ్లే.

ఇక అసలు ప్రశ్న. పాణిని కర్తని నిర్వచించడంలో మహా పొదుపరి. పనిలో స్వతంత్రుడెవడో వాడే కర్త అన్నాడు. ఆ వెంటనే, అతణ్ణి పురికొల్పేవాడూ కర్తే అన్నాడు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు పతంజలి మహాభాష్యంలో ఈ మాటని పొయ్యి దగ్గరికి తెచ్చి పరీక్ష పెట్టాడు. దేవదత్తుడు వండుతున్నాడంటాం. కుండ వండుతోందనీ, కట్టెలు వండుతున్నాయనీ కూడా అంటాం. ఏదీ అబద్ధం కాదు. దేవదత్తుడి వంట అంటే కుండ ఎక్కించడం, ఎసరు పోయడం, బియ్యం వేయడం, కట్టెలు ఎగదోయడం. కుండ వంట అంటే ఇంత కొలత బియ్యాన్ని తనలో పట్టి ఉంచడం. కట్టెల వంట మండటం. ఎవరి వంట వాళ్లది. మరి దేవదత్తుడే ప్రధానమని ఎందుకంటాం? సామగ్రి అంతా సిద్ధంగా ఉన్నా, దాన్ని నడిపించేవాడు అతడే కాబట్టి. రాజు ఎదుట ఉన్నప్పుడు మంత్రులు పరతంత్రులు, రాజు లేనప్పుడు స్వతంత్రులు. కుండా కట్టెలూ కూడా అంతే అన్నాడు పతంజలి.

రాజు లేనప్పుడు! అంబత్తూరు డ్రమ్ముకి రెండువేల ఏళ్ల ముందే ఖాళీ వదిలిపెట్టిన చోటు అది. దేవదత్తుడు పడుకున్నాడు. ఎగదోసే పని, అంటే పతంజలి అతడి వాటాలో వేసిన పనుల్లో ఒకటి, బ్లోయరుకి పోయింది. కుండ ఎప్పుడూ పట్టి ఉంచే పనే చేసింది, కట్టె మండే పనే చేసింది. వాటి వాటాలు మారలేదు. యజమాని వాటాలో ముక్కని పుచ్చుకున్న కొత్త కారకం మాత్రం కంట్రోలరే. దాన్ని పనిముట్టు అని తోసేయడం తేలికే గాని, గరిటె తనంతట తాను కలపదు కదా.

అయిదో శతాబ్దపు భర్తృహరి వాక్యపదీయంలో కర్తని మిగతావాటి నుంచి వేరుచేసే గుర్తులు కొన్ని చెప్పాడు. కర్తకి శక్తి మిగతావాటికంటే ముందే ఉంటుంది. మిగతావి అతడికి లోబడి కదులుతాయి. కదిలినవాటిని ఆపగలిగేదీ అతడే. అతడికి బదులు మరొకరు కనబడరు. ఈ గుర్తులతో డ్రమ్ముని తూకం వేస్తే ఫలితం విచిత్రంగా వస్తుంది. లోబడి కదలడం విషయంలో దేవదత్తుడిదే పైచేయి. 110 అని అంకె పెట్టింది అతడు, ఆ అంకె ఎందుకో కంట్రోలరుకి తెలియదు. బదులు విషయంలో మాత్రం భర్తృహరి ఇరుకున పడతాడు. కట్టెకి బదులు బొగ్గు, కుండకి బదులు డ్రమ్ము వచ్చినట్టే, ఎగదోసే చేతికి బదులు ఫ్యాను వచ్చేసింది.

ఆపడం సంగతి మరీ ఆసక్తికరం. బ్లోయరు గాలిని నెట్టగలదు, పీల్చుకోలేదు. సెగ పెంచగలదు గాని తగ్గించలేదు. 110 కావలసిన చోట 130 అయిందంటే అది చేయగలిగిందల్లా చేతులు ముడుచుకుని ఊరుకోవడం. నిప్పు తగ్గేది డ్రమ్ము బిగుతుగా ఉంటేనే, మూత అంచున సందులు లేకపోతేనే. ఆ బిగుతు సర్క్యూటులో లేదు. మధ్యాహ్నం ఎండలో కూర్చుని మూత అంచుకి పట్టీ అతికించి, సందు సందూ తడిమి చూసిన దేవదత్తుడి చేతుల్లో ఉంది. కంట్రోలరు కట్టిన వాళ్లు కొన్నాళ్లకి గ్రహించేది ఇదే: ప్రోగ్రాములో అంకెలు ఎంత సవరించినా లీకయ్యే డ్రమ్ము మాట వినదు. భర్తృహరి చెప్పిన నిలుపుదల ఇంకా మనిషి వైపే ఉంది, అతడు నిద్రలో ఉన్నా సరే.

మీమాంసకులకి ఈ బదులు వ్యవహారం మీద చాలా పెద్ద చర్చ ఉంది. యాగంలో ధాన్యం దొరక్కపోతే అడవి వరి నీవారం వాడొచ్చు. కానీ దేవతకి బదులు లేదు, మంత్రానికి లేదు, అగ్నికి లేదు. యజమానికీ లేదు. పని చేసేది దక్షిణ పుచ్చుకున్న ఋత్విక్కులు, ఫలం మాత్రం యజమానిది. చేతులు అద్దెకి దొరుకుతాయి, సంకల్పం దొరకదు. ఈ లెక్కన కంట్రోలరు పన్నెండు వోల్టుల దక్షిణకి కుదిరిన ఋత్విక్కు. మేక తొడ యాగం కాదు కదా అంటారేమో. నిజమే. కానీ నిప్పుని కాచుకోవడం అన్న పనిని మతాలు ఎన్నడూ ఉత్త వంట పనిగా చూడలేదు.

అంబత్తూరు నుంచి సముద్రం వైపు వెళితే రాయపురంలో పారసీల అగ్ని ఆలయం ఉంది, 1910లో కట్టింది. పారసీ ఆచారంలో ప్రతిష్ఠించిన అగ్నికి రోజుకి అయిదు వేళల్లో పురోహితుడు కట్టె సమర్పిస్తాడు. దాన్ని బోయి అంటారు. ఆరకుండా ఉంచడమే లక్ష్యమైతే ఒక థర్మోకపుల్, కట్టె జారవిడిచే ఒక గొట్టం చాలు; ఇంజినీరింగుగా అది అంబత్తూరు కుర్రాడికి పెద్ద పని కాదు. అయినా ఆ అగ్నికి అది సేవ అనిపించుకోదు. అక్కడ నిప్పు ఆరకపోవడం కంటే, ఎవరో ఒకరు వేళకి వచ్చి ఎదుట నిలబడటం ముఖ్యం. ఉదయం, సాయంత్రం అగ్నిహోత్రం చేసే ఆహితాగ్నికీ అంతే.

యూదులది సరిగ్గా తలకిందులైన సమస్య. వాళ్లకి సబ్బాతు రోజున నిప్పు ముట్టడం నిషిద్ధం, కానీ వేడి భోజనం కావాలి. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో దీనిమీద వివరమైన నియమం ఉంది. గడ్డితోనో దుబ్బుతోనో వేడెక్కిన పొయ్యి మీద వంట వదిలిపెట్టొచ్చు. కట్టెలతో వేడెక్కిన పొయ్యి అయితే బొగ్గులు తీసేయాలి, లేదా వాటిమీద బూడిద కప్పాలి. కారణాన్ని తాల్ముదు విప్పి చెబుతుంది: బొగ్గు కళ్లెదుట ఉంటే మనిషి ఊరుకోడు, కెలుకుతాడు. నివురు గప్పిన నిప్పు అంటే మనకి భయం. వాళ్లకి అది పుల్ల పెట్టే చేతికి వేసిన కళ్లెం. ఆ నియమం రాసినవాళ్లు మనిషిని బాగా ఎరిగినవాళ్లు. డ్రమ్ము ముందు కూర్చుని నిమిషానికోసారి మూత ఎత్తి చూసేవాడికి కంట్రోలరు చేసే మొదటి మేలు కూడా ఇదే, అతణ్ణి నిప్పు దగ్గరనుంచి లేపి పంపేయడం. సబ్బాతు నియమంలో కర్తృత్వమంటే ఆ కెలుకుడే. వంట తనంతట తాను రాత్రంతా ఉడికితే ఎవరికీ అభ్యంతరం లేదు.

మిగిలింది మంచిచెడ్డల లెక్క. ఇక్కడ మన గ్రంథాలు రెండు వేరువేరు దార్లు పట్టాయి. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలంటుంది: ఆధారం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, దైవం. డ్రమ్ముకి అతికినట్టు సరిపోతుంది. ఆధారం డ్రమ్ము, కర్త దేవదత్తుడు, సాధనాలు తీగలూ ఫ్యానూ, చేష్టలు వాటి కదలికలు; దైవం ఆ రాత్రి ముంచుకొచ్చే చెన్నై వాన, చెమ్మ పట్టిన బొగ్గు, పోయే కరెంటు. ఇంతమంది ఉండగా అంతా నేనే చేశాననుకునేవాడికి చూపు లేదంటుంది గీత. అయిదుగురికి పంచేసరికి ఒక్కొక్కరి వాటా చిన్నదవుతుంది.

మనుస్మృతి అయిదో అధ్యాయానిది మరో లెక్క. మాంసం విషయంలో హంతకులు ఎనిమిది మందట: అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు. (అదే అధ్యాయం కాస్త తర్వాత మాంసం తినడంలో దోషం లేదని, మానితే మహాఫలమని అంటుంది; మనువులో ఇలాంటి మెలికలు మామూలే.) ఇక్కడ పంచడంతో వాటా తగ్గలేదు. ఎనిమిది మందీ ఎవరికి వారు పూర్తి హంతకులే. తిరుక్కురళ్ కూడా మాంసాహారం మీది అధ్యాయంలో తినేవాళ్లే లేకపోతే అమ్మేవాళ్లెక్కడని నిలదీస్తుంది. బౌద్ధ వినయం మాత్రం భిక్షువుకి వెసులుబాటు ఇచ్చింది: తనకోసమే చంపారని చూడకుండా, వినకుండా, అనుమానించకుండా ఉంటే పాత్రలో పడినది తినవచ్చు.

దేవదత్తుడి డ్రమ్ముని ఈ రెండు లెక్కల్లోనూ పెట్టి చూడండి. గీత పట్టికలో కంట్రోలరుకి సుఖంగా చోటు దొరికింది, సాధనాల్లో. మనువు పట్టికలో ఎక్కడ పెడతారు? వండినవాడి పక్కన తొమ్మిదోదిగా చేర్చలేరు, ఆ పట్టిక పాపం మోయగలవాళ్లది. పోనీ, రాత్రంతా వండింది యంత్రమే కాబట్టి దేవదత్తుడి పేరు కొట్టేసి ఏడుకి దింపుదామా? అదీ కుదరదు, పురికొల్పేవాడూ కర్తేనని పాణిని ముందే తలుపు మూసేశాడు. మెప్పుని పంచుకోవడానికి యంత్రం పనికొస్తుంది, తప్పుని పంచుకోవడానికి పనికిరాదు. మనిషి తన పనిని యంత్రానికి అప్పజెప్పినప్పుడల్లా జరిగేది ఈ వంకర పంపకమే. అప్పు ఇచ్చే బ్యాంకు సాఫ్ట్‌వేరు దగ్గరా, తనంతట తాను నడిచే కారు దగ్గరా ఇప్పుడు కోర్టులకి తలనొప్పి తెస్తున్నదీ అదే. మేక తొడ దగ్గర అది కాస్త తేటగా కనబడుతుంది, అంతే.

రాత్రి రెండింటికి కరెంటు పోయిందనుకుందాం. ఫ్యాను ఆగింది, బిగుతైన డ్రమ్ములో బొగ్గు మెల్లగా ఆరిపోయింది. మాంసం లోపలి వేడి అరవై డిగ్రీల కిందికి దిగి గంటల తరబడి అక్కడే ఉంటే క్రిములకి పండగ. పొద్దున్నే కరెంటు వచ్చింది, కంట్రోలరు మళ్లీ 110 కోసం ఫ్యాను తిప్పడం మొదలుపెట్టింది. మిగిలిన నిప్పుకణికలు రాజుకుని అంకె కాస్త పైకి లేస్తే, జరిగిన సంగతి చెప్పేవాళ్లే ఉండరు. మధ్యాహ్నం చుట్టాలు వచ్చి తిని కడుపు పట్టుకుంటారు. ఫ్యాను ఆగిందండీ అని దేవదత్తుడు సంజాయిషీ చెబితే, ఏ పెద్దావిడో అడిగేది ఒక్కటే: మరి నువ్వేం చేస్తున్నావు నాయనా?

అందుకే తెలిసినవాళ్లు కంట్రోలరుకి బ్యాటరీ తగిలిస్తారు. వేడిని గంట గంటకీ రాసిపెట్టుకునే ఏర్పాటు చేస్తారు. కింద తొంభై అయిదు, పైన నూట ముప్పై అని రెండు హద్దులు పెట్టి, అవి దాటితే ఫోను మోగేలా తీగ కలుపుతారు. ఆ ఫోను ఎవరి తలగడ పక్కన ఉండాలన్న విషయంలో ఇంట్లో ఎవరికీ పాణినితో పని పడదు.